ఫోను చేతిలోనే ఉంది, కావలసింది ఒక పనిబల్ల

సంపాదకులకు,

అయ్యా,

డిప్లొమా, ఇంజినీరింగ్ చివరి సంవత్సరం పిల్లలు ప్రాజెక్టులు అప్పగించే రోజులు దగ్గరపడ్డాయంటే, నెల్లూరులోనూ ఒంగోలులోనూ కొన్ని దుకాణాల ముందు వాళ్లు గుంపులుగా నిలబడి బేరమాడుతూ కనిపిస్తారు. అట్టపెట్టెలో సిద్ధంగా బిగించి ఉంచిన సర్క్యూటు, బైండు చేయించిన నివేదిక, ఫోనులో ఎక్కించుకోవడానికి ఒక యాప్, ఈ మూడూ కలిపి ఎంతకు ఇస్తారన్నదే ఆ బేరం. అలా కొన్న పెట్టెను పరీక్ష రోజున బల్లమీద పెట్టి, దీపం వెలిగించి చూపించి, మార్కులు తెచ్చుకుని, ఇంటికి వెళ్లాక అటక మీద పడేస్తున్నారు. ఆ పిల్లల్ని తప్పుపట్టడానికి నేను ఈ ఉత్తరం రాయడం లేదు. స్మార్ట్‌ఫోనుకు బయటి పరికరాన్ని కలపడం, దాన్ని నడిపే యాప్‌ను సొంతంగా రాయడం మన జిల్లా పిల్లలు తమ చేతులతో నేర్చుకోగలిగిన విద్య అనీ, అందుకు కావలసిన సామానులో అన్నిటికన్నా ఖరీదైన ఫోను ఇప్పటికే వాళ్ల జేబుల్లో ఉందనీ, లేనిదల్లా కూర్చుని పనిచేసుకోవడానికి ఒక చోటు మాత్రమేననీ మీ పత్రిక ద్వారా పెద్దల దృష్టికి తేవాలని రాస్తున్నాను.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో 32 ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పి, ఇప్పుడు కావలిలో ఉంటున్నాను. మా చెల్లెలి మనవరాలు ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చివరి సంవత్సరం చదువుతోంది. వాళ్ల నాన్న, అంటే నా మేనల్లుడు, అల్లూరు మండలంలో వనామి రొయ్యల గుంటలు చేస్తున్నాడు. గుంటలో నీటి వేడి ఎంత ఉందో ఫోనులో కనిపించేలా చేయడం తన ప్రాజెక్టు అని చెబుతూ, తోటి పిల్లలందరూ కొనుక్కుంటున్నారనీ తనకు మాత్రం కొనడం ఇష్టం లేదనీ ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. నాకు యాప్‌లు రాయడం తెలియదని చెప్పాను. "నాకూ తెలియదు తాతా, ఇద్దరం నేర్చుకుందాం" అంది. ఆ తర్వాత రెండున్నర నెలల్లో మేమిద్దరం ఎక్కడెక్కడ ఆగిపోయామో చెబితే, కళాశాలల్లో లేని ఆ పనిబల్ల ఎందుకు అవసరమో చదివేవారికి తెలుస్తుంది.

మొదట ఆగిపోయింది తీగ దగ్గర. ఆర్డుయినో ఊనో అనే చిన్న బోర్డును కొన్నాం. 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో విద్యార్థుల కోసం మొదలైన బోర్డుల కుటుంబం ఇది. దాని నమూనాలను అందరికీ తెరిచి ఉంచినందువల్ల దానిలాంటి బోర్డులు మన దగ్గర కొన్ని వందల రూపాయలకే దొరుకుతున్నాయి. ఇంట్లో ఉన్న యూఎస్‌బీ తీగతో దాన్ని ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే బోర్డు మీద ఎర్ర దీపం వెలుగుతోంది గాని, బోర్డు తగిలిందన్న జాడ ల్యాప్‌టాప్‌లో ఎక్కడా లేదు. బోర్డును గుర్తుపట్టే డ్రైవర్ అనే ప్రోగ్రాము ల్యాప్‌టాప్‌లో లేదేమోనని అది ఎక్కించాం, ల్యాప్‌టాప్ మార్చాం, బోర్డే చెడిపోయిందేమోనని దుకాణానికి తీసుకెళ్లి మార్చుకు వచ్చాం. రెండు రోజులు ఇలాగే గడిచాయి. చివరికి మా వీధి చివర సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రవాడు ఆ తీగను చేత్తో పట్టుకుని చూసి, "ఇది చార్జింగు తీగ సార్, ఇందులో డేటా రాదు" అన్నాడు. నమ్మకం కుదరక ఇంటికి వచ్చి బ్లేడుతో తొడుగు చీల్చి చూశాను. లోపల ఎరుపు, నలుపు రెండే తీగలున్నాయి. డేటా మోసే తెల్లతీగ, ఆకుపచ్చ తీగ అసలు లేనే లేవు. ఈ సంగతి ఆ అమ్మాయి చదివిన ఏ పాఠంలోనూ లేదు, నేను చెప్పిన ఏ పాఠంలోనూ లేదు. ఆ కుర్రవాడికి మాత్రం బరువును బట్టే తెలిసింది.

తీగ మార్చాక పని సాగింది. ఆ తర్వాత ఫోనునే నేరుగా బోర్డుకు తగిలించి చూశాం. ఫోను మామూలుగా కంప్యూటరుకు అతిథిలా వెళ్లి కూర్చుంటుంది, ఇక్కడ తానే ఆతిథ్యం ఇవ్వాలి. 2011లో వచ్చిన ఆండ్రాయిడ్ 3.1 నుంచి ఆ ఏర్పాటు ఉంది. పాత మైక్రో యూఎస్‌బీ ఫోన్లకు వాడే ఓటీజీ తీగలో నాలుగో పిన్నును భూమి (గ్రౌండ్) పిన్నుతో కలిపి ఉంచుతారు. ఆ కలయికను చూసే ఫోను తాను ఇప్పుడు యజమాని స్థానంలో ఉన్నానని గుర్తించి, అవతలి పరికరానికి 5 వోల్టుల కరెంటు ఇవ్వడం మొదలుపెడుతుంది. పెన్‌డ్రైవ్ తగిలించి సినిమాలు చూడటానికి మన పిల్లలు ఈ ఓటీజీని ఏళ్లుగా వాడుతున్నారు. అదే తీగ చివర పెన్‌డ్రైవ్‌కు బదులు ఒక బోర్డును పెట్టవచ్చునని వాళ్లకు చెప్పినవారు లేరు. ఒక జాగ్రత్త మాత్రం ఇక్కడే చెప్పాలి. ఆ కరెంటు ఫోను బ్యాటరీ నుంచి వస్తుంది కాబట్టి ఒక సెన్సరుకో చిన్న దీపానికో సరిపోతుంది గాని, మోటార్లనూ, రిలేలు అనే కరెంటుతో పనిచేసే స్విచ్చులనూ దాని మీద నడపకూడదు. వాటికి విడిగా సప్లయి ఇచ్చి, భూమి తీగను మాత్రం ఉమ్మడిగా కలపాలి.

ఇక యాప్ సంగతి. ఆ అమ్మాయి దగ్గర ఉన్నది 4 జీబీ మెమరీ ఉన్న పాత ల్యాప్‌టాప్. యాప్‌ల తయారీకి అందరూ వాడే ఆండ్రాయిడ్ స్టూడియోకు కనీసం 8 జీబీ కావాలి. మన ప్రాంతంలో చాలామంది పిల్లలు ఈ ఒక్క కారణంతోనే మొదటి రోజే వెనుదిరుగుతున్నారని నా అనుమానం. అందుకని మేము ఎంఐటీ యాప్ ఇన్వెంటర్‌తో మొదలుపెట్టాం. 2010లో గూగుల్ సంస్థలో పుట్టి, తర్వాత మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చేరిన ఈ పద్ధతిలో బ్రౌజరులోనే ముక్కకు ముక్క అతికించినట్లు యాప్‌ను తయారుచేయవచ్చు. చేసిన మార్పు చేసినట్లే పక్కనున్న ఫోనులో కనిపిస్తుంది. ఇది చిన్నపిల్లల ఆట అని కొందరు ఉపాధ్యాయులు చిన్నచూపు చూస్తారు. నాకు ఆ అభిప్రాయం లేదు. మొదటి రోజు సాయంత్రానికే, తెర మీద బొత్తాము నొక్కితే బోర్డు మీద దీపం వెలగడం చూసిన పిల్ల రెండో రోజు తనంతట తాను వచ్చి కూర్చుంటుంది. అయితే అక్కడే ఆగిపోకూడదు. నెలన్నర తర్వాత మా బంధువుల ఇంట ఒక మంచి కంప్యూటరు దొరికాక, ఆ అమ్మాయి అదే యాప్‌ను కోట్లిన్ భాషలో మళ్లీ రాసింది. 2017లో గూగుల్ అధికారికంగా ఆండ్రాయిడ్‌కు స్వీకరించిన భాష ఇది. 2019 నుంచి మొదటి ప్రాధాన్యం కూడా దీనికే ఇస్తున్నారు. కంప్యూటరులో నకిలీ ఫోనును నడిపించే ఎమ్యులేటరు జోలికి మేము పోలేదు. సెట్టింగులలో 'ఫోను గురించి' అన్న చోట బిల్డ్ నంబరు మీద 7 సార్లు తట్టితే డెవలపర్ ఆప్షన్లు తెరుచుకుంటాయి. వాటిలో యూఎస్‌బీ డీబగింగు వేస్తే, రాసిన యాప్ నేరుగా అసలు ఫోనులోకే దిగుతుంది. బ్లూటూత్‌తో పనిచేసేవారు అసలు ఫోనులో పరీక్షించుకోవడమే అన్నివిధాలా మేలు.

బ్లూటూత్ దగ్గర జరిగింది కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే నా ఉద్యోగ జీవితమంతా నేను చెప్పిన పాఠానికి అర్థం నాకు అక్కడ కనబడింది. హెచ్‌సీ-05 అనే చిన్న బ్లూటూత్ పలకను బోర్డుకు కలపాలి. బోర్డు పంపేది 5 వోల్టులు, ఆ పలక సంకేతపు కాలు, అంటే పిన్ను, తట్టుకునేది 3.3 వోల్టులు. నేరుగా కలిపితే వెంటనే కాలిపోకపోవచ్చు గాని, ఎన్నాళ్లు ఉంటుందో చెప్పలేం. ఏం చేయాలని ఆ అమ్మాయి అడిగింది. వెయ్యి ఓములది ఒకటి, రెండు వేల ఓములది ఒకటి, రెండు నిరోధాలను శ్రేణిలో కలిపి, ఆ రెండూ కలిసే చోటునుంచి తీగ తీసుకోమన్నాను. మొత్తం మూడు వేలలో రెండు వేల వంతు, అంటే 5 వోల్టులలో మూడింట రెండు వంతులు, 3.3 వోల్టులు అక్కడ దొరుకుతాయి. ఓమ్ నియమాన్నీ, నిరోధాల శ్రేణి సంధానాన్నీ పదో తరగతిలో నేను ఎన్ని వందలమందికి చెప్పి ఉంటానో లెక్కలేదు. అందరూ లెక్క చేసి మార్కులు తెచ్చుకున్నారు. ఆ లెక్క ఒక వస్తువును కాలిపోకుండా కాపాడటం నా కళ్లతో నేను చూడటం మాత్రం అదే మొదటిసారి. మల్టీమీటరు ముళ్లు ఆనించి 3.3 అన్న అంకె చూసినప్పుడు ఆ పిల్ల ముఖంలో కనిపించిన సంతోషం, ఇన్నేళ్లలో నేను మార్కుల జాబితాలు చదివినప్పుడు ఎవరి ముఖంలోనూ చూడలేదు.

పలక ఇచ్చే తీగను బోర్డు పుచ్చుకునే కాలికి, బోర్డు ఇచ్చేదాన్ని పలక పుచ్చుకునే కాలికి, అంటే ఎదురెదురుగా కలపాలన్న సంగతి, జత కలిపేటప్పుడు ఫోను అడిగే సంకేతం సాధారణంగా 1234 అన్న సంగతి తొందరగానే తెలిశాయి. యాప్ మాత్రం తెరిచీ తెరవగానే మూతపడేది. ఆ అమ్మాయి చూసి నేర్చుకుంటున్న పాఠాలు పాతవి, ఫోను కొత్తది కావడమే అందుకు కారణం. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి చుట్టుపక్కల బ్లూటూత్ పరికరాలను వెతకాలంటే లొకేషన్ అనుమతి అడగవలసి వచ్చేది. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి వెతకడానికి ఒకటి, కలుపుకోవడానికి ఒకటి చొప్పున బ్లూటూత్‌కే ప్రత్యేక అనుమతులు పెట్టారు. అవి అడగకుండా ముందుకు వెళ్లే యాప్‌ను ఫోను అక్కడికక్కడే ఆపేస్తుంది. నీటి వేడి చూపించే యాప్ మనం ఎక్కడున్నామో ఎందుకు అడుగుతోందని పాత ఫోను వాడే ఒక రైతు అనుమానపడ్డాడు. ఆయన అనుమానం న్యాయమైనదే. దగ్గరున్న పరికరాల జాబితాను బట్టి మనిషి ఉన్న చోటును పసిగట్టవచ్చు కాబట్టే ఆ నియమం పెట్టారని ఆ అమ్మాయి ఆయనకు ఓపికగా చెప్పింది. ఇలాంటి జవాబు చెప్పగలిగిన పిల్లలు పల్లెకు ఒకరు ఉన్నా, ఏ యాప్‌కు ఏ అనుమతి ఇవ్వాలో తెలియక మోసపోతున్న పెద్దవాళ్లకు ఎంతో కాపుదల.

ఇంకొక తప్పు మమ్మల్ని వారం రోజులు తిప్పింది. పరికరంతో అనుసంధానం కుదిరేవరకు కాచుకుని ఉండే పనిని, తెరను నడిపే థ్రెడ్‌లోనే, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా పనులు సాగే ఆ వరుసలోనే, ఆ అమ్మాయి పెట్టింది. తెర ఐదు సెకన్లపాటు పలకకపోతే యాప్ స్పందించడం లేదని ఆండ్రాయిడ్ హెచ్చరిస్తుంది. కాచుకునే పనిని వేరే థ్రెడ్‌కు మార్చాక అది పోయింది. అది పోయీ పోగానే ఇంకొకటి వచ్చింది. గుంట గట్టున మా మేనల్లుడి చేతిలో ఫోను పెట్టి చూడమంటే, కాసేపు 29.4 చూపిస్తుంది, కాసేపు 2 చూపిస్తుంది, ఆ వెంటనే 9.4 చూపిస్తుంది. పంపిన అంకె పంపినట్లుగా ఒక్కసారే రాదని, నీటి ధారలాగా ముక్కలు ముక్కలుగా వస్తుందని, ఎక్కడ ఒక అంకె ముగిసిందో మనమే గుర్తు పెట్టుకోవాలని అప్పుడు తెలిసింది. ప్రతి అంకె చివర కొత్త వరుస గుర్తును పంపి, అది వచ్చేదాకా ముక్కలను కూడబెట్టి, ఆ తర్వాతే తెర మీద చూపేలా రాసింది. ఒక రోజు సాయంత్రం తెర మీద 85 డిగ్రీలు కనబడింది. "మామా, నీళ్లు కాగుతున్నాయా ఏంది?" అని మా మేనల్లుడు కంగారుగా ఫోను చేశాడు. మేము వాడిన డీఎస్18బీ20 సెన్సరు అప్పుడే కరెంటు అందుకుని ఇంకా వేడిని కొలవకముందు అడిగితే 85 అనే చెబుతుంది. తీగ ఊడిపోతే, సెన్సరును చదవడానికి బోర్డులో వాడే లైబ్రరీ అనే సిద్ధ ప్రోగ్రాము మైనస్ 127 చెబుతుంది. ఈ రెండు అంకెలు వేడిని తెలిపేవి కావు, పరికరం తన అవస్థను చెప్పుకునే మాటలు. యాప్ వాటిని గుర్తుపట్టి, వాటికి బదులు 'సెన్సరు తీగ చూడండి' అని తెలుగులో చూపేలా ఆ అమ్మాయి మార్చింది.

కొనుక్కున్న పెట్టెలో ఈ వారాలేవీ ఉండవని మనవి చేస్తున్నాను. అందులో దీపం వెలుగుతుంది, అంతే.

ఈ పనికి మన జిల్లాల్లో ఉన్న అవసరం ఎలాంటిదో కూడా చెప్పాలి. రొయ్యల గుంటలో పగలు నాచుజాతి సూక్ష్మజీవులు ఎండతో ప్రాణవాయువును తయారుచేస్తాయి, రాత్రంతా రొయ్యలతోపాటు అవి కూడా దాన్నే పీల్చుకుంటాయి. అందువల్ల తెల్లవారుజామున, సూర్యోదయానికి ముందు, నీటిలో ప్రాణవాయువు అన్నిటికన్నా తక్కువ స్థాయికి దిగుతుంది. రైతులు డీఓ అని పిలిచే ఆ కొలత లీటరుకు 4 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే ప్రమాదం. నీరు వేడెక్కిన కొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. మంచినీటిలో 25 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 8.2 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల దగ్గర సుమారు 7.5 మాత్రమే కరుగుతుంది, ఉప్పునీటిలో ఇంకా తక్కువ. సరిగ్గా తెల్లవారుజామున కరెంటు పోయి, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే, కాపలా మనిషి నిద్రలో ఉంటే, నాలుగు నెలల పంట గట్టు దగ్గర తేలుతుంది. డీఓ కొలిచే సెన్సరు ఖరీదు ఎక్కువ, తరచూ శుభ్రం చేసి సరిచూసుకోవాలి కూడా. అందుకే ఆ అమ్మాయి ప్రాజెక్టు డీఓ చెబుతుందని మేము ఎవరికీ చెప్పలేదు. వేడిని మాత్రం రెండు లోతుల్లో కొలిచింది. డీఎస్18బీ20లో ప్రతి సెన్సరుకూ పుట్టుకతో వచ్చిన 64 బిట్ల సొంత సంఖ్య ఉంటుంది కాబట్టి, ఎన్నింటినైనా ఒకే డేటా తీగ మీద కట్టి, ఒక్కొక్కదాన్నీ దాని సంఖ్యతో పిలిచి అడగవచ్చు. మధ్యాహ్నం పైనీటికీ అడుగునీటికీ ఉన్న తేడాను ఫోనులో చూసి, ఏరియేటర్లు ఏ వేళ తిప్పితే అడుగునీరు కలుస్తుందో మా మేనల్లుడు ఇప్పుడు తానే ఆలోచించుకుంటున్నాడు.

హెచ్‌సీ-05 అందేది సుమారు 10 మీటర్ల దూరం. గట్టు మీద నిలబడితే పనిచేస్తుంది, షెడ్డులో పడుకున్న కాపలా మనిషికి అందదు. దానికి ఈఎస్‌పీ32 అనే ఇంకొక పలక కావాలి. 2016లో వచ్చిన ఆ పలకలో వైఫై, బ్లూటూత్ రెండూ ఇమిడి ఉన్నాయి. అది పూర్తిగా 3.3 వోల్టుల మీద నడిచేది కాబట్టి 5 వోల్టుల సంకేతాన్ని నేరుగా దాని కాలికి తగిలించకూడదు. తక్కువ కరెంటుతో నడిచే బ్లూటూత్ లో ఎనర్జీ పద్ధతి కూడా అందులో ఉంది. ఐఫోను ఉన్నవారికి ఆ పద్ధతే దారి, ఎందుకంటే హెచ్‌సీ-05 వంటి పాత తరహా బ్లూటూత్ పలకతో సొంత యాప్ ద్వారా మాట్లాడనివ్వడానికి ఐఫోను ఒప్పుకోదు. ఏ పరికరం ఎంచుకోవాలన్నది ముందు ఎవరి ఫోనుకు, ఎంత దూరంలో, ఏ కరెంటు మీద అని ఆలోచించి తేల్చుకోవలసిన విషయం.

మా అత్తవారి తరఫు బంధువులు కొండపి వైపు పొగాకు పండిస్తారు. ఆకును వేడితో ఆరబెట్టే గది అయిన బ్యారన్‌లో ఆకు కాల్చే రోజుల్లో ఇంట్లో ఎవరో ఒకరు రాత్రంతా మేలుకుని పొయ్యి దగ్గర ఉంటారు. ఆకు పసుపు రంగుకు తిరిగేదాకా తక్కువ వేడి, ఆ తర్వాత ఆకు ఆరేదాకా కొంచెం కొంచెంగా పెంచుతూ, చివరికి ఈనె ఎండడానికి సుమారు 70 డిగ్రీలదాకా తీసుకెళ్లాలి. తొందరపడితే రంగు పోతుంది, వేలంలో ధర పోతుంది. గుంటలో వేలాడదీసిన సెన్సరే బ్యారన్‌లోనూ పనికి వస్తుంది, యాప్‌లో మారేది హెచ్చరిక అంకెలు మాత్రమే. వయసు మళ్లిన మనిషి గంటకోసారి లేచి చీకట్లో థర్మామీటరు దగ్గరకు నడిచే పని తప్పించగలిగిన మనవడు ఆ ఇంట్లోనే బీటెక్ చదువుతున్నాడు, కాని ఆ రెండింటినీ కలిపి చూడమని అతనికి ఎవరూ చెప్పలేదు. మెట్టపొలాల్లో బోరు మోటార్లకు సిమ్ వేసిన మొబైల్ స్టార్టర్లు మన రైతులు ఎన్నో ఏళ్లుగా వాడుతున్నారు. ఫోను కొడితే మోటారు తిరుగుతుంది. ఆ పెట్టె మూత తీస్తే లోపల ఉండేది ఒక చిన్న మైక్రోకంట్రోలరు, ఒక జీఎస్ఎం పలక, రిలేలు, అంటే ఈ పిల్లలు పుస్తకంలో చదివినవే. అయితే మూడు ఫేజుల కరెంటు ఉన్న ఏ పెట్టెలోనూ విద్యార్థి చేయి పెట్టకూడదని గట్టిగా చెబుతున్నాను. రిలే ప్రయోగాలు 12 వోల్టుల చిన్న దీపంతో చేసుకోవాలి, మోటారు దగ్గరి పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌కే వదలాలి.

ఇంతకీ కళాశాలల్లో ఎందుకు జరగడం లేదు? నాకు తెలిసిన ఒక కళాశాలలో, పేరు చెప్పడం నా ఉద్దేశం కాదు, బోర్డులూ సెన్సర్లూ కొన్నారు, బీరువాలో పెట్టి తాళం వేశారు. పోతే లెక్క చెప్పాలన్న భయం అధ్యాపకుడిది. ఆ భయాన్ని నేను అర్థం చేసుకోగలను, నేనూ ప్రయోగశాల సామాను రిజిస్టరు రాసినవాణ్ణే. కాని కాలిపోయిన సెన్సరు ఖరీదు కొన్ని పదుల, లేదంటే వందల రూపాయలు. వాడినప్పుడు చెడిపోయే వస్తువుగా దాన్ని రిజిస్టరులో రాసుకునే వీలు ప్రభుత్వం ఇస్తే ఆ తాళం ఊడుతుంది. యాప్‌ల పాఠం ఒక గదిలో, ఎలక్ట్రానిక్స్ ప్రయోగాలు ఇంకొక గదిలో, ఒక శాఖ విద్యార్థి ఇంకొక శాఖ గదిలోకి రాకూడదన్న పద్ధతి కూడా మారాలి. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ప్రయోగశాలల పథకం కింద 6 నుంచి 12 తరగతుల పిల్లల కోసం ఒక్కో పాఠశాలకు 20 లక్షల రూపాయల దాకా మంజూరు చేశారు. వాటిలో ఇలాంటి బోర్డులూ సామానూ ఉంటాయి. మన రెండు జిల్లాల్లో అవి ఉన్న బడుల యాజమాన్యాలు, సెలవు రోజుల్లో దగ్గరి పాలిటెక్నిక్, ఐటీఐ పిల్లలను కూడా రానిస్తే, బడిపిల్లలకు నేర్పే అన్నలూ అక్కలూ దొరుకుతారు, పెద్దపిల్లలకు బల్ల దొరుకుతుంది.

నేర్పేవారు ఎవరన్న ప్రశ్నకు నా జవాబు మా వీధి చివర కుర్రవాడే. కావలి ట్రంకు రోడ్డులోనూ, నెల్లూరు ట్రంకు రోడ్డులోనూ, కందుకూరు, సింగరాయకొండ సెంటర్లలోనూ సెల్‌ఫోన్లు బాగుచేసేవారికి యూఎస్‌బీ పిన్నులు, బ్యాటరీ వోల్టేజీలు, టంకం వేయడం, చిన్న తీగను భూతద్దం కింద అతకడం, ఇవన్నీ చేతికి వచ్చిన పనులు. వాళ్లలో చాలామంది పదో తరగతితో చదువు ఆపినవారు కావచ్చు. వారానికి రెండు గంటలు గౌరవ వేతనం ఇచ్చి వారిని కళాశాలకు పిలిచి, వారికి తెలియని ప్రోగ్రామింగును విద్యార్థుల చేత వారికి చెప్పిస్తే, ఇరువైపులా ప్రయోజనం కలుగుతుంది. ఇది మర్యాదకు భంగమని ఏ అధ్యాపకుడూ అనుకోనక్కరలేదు. నాకు ఆ తీగ సంగతి చెప్పింది అతనే, నేను అతనికి రుణపడి ఉన్నాను.

మీ పత్రికను కోరేది ఒకటుంది. విద్య పేజీలో వారానికి ఒక ప్రయోగం చొప్పున, బొమ్మతో సహా, తెలుగులో వేయండి. రెసిస్టర్‌ను రెసిస్టర్ అనే రాయవచ్చు, పక్కన ఒకసారి నిరోధం అంటే చాలు. పిల్లలకు కొత్త మాటలు కాదు కష్టం, ఏ తీగ ఏ కాలికి అన్నది తెలుగులో వాక్యంగా చెప్పేవారు లేకపోవడమే కష్టం. ఇంగ్లిషు పాఠంలో ఒక్క మాట అర్థంకాక ఆ అమ్మాయి మూడు రోజులు ఆగిపోవడం నేను పక్కన కూర్చుని చూశాను. బ్లూటూత్ అనుమతుల సంగతి నాలుగు తెలుగు వాక్యాల్లో ఎవరైనా రాసి ఉంటే, ఆ మూడు రోజులు మిగిలేవి.

ఆ అమ్మాయి ప్రాజెక్టు పరీక్ష పోయిన నెలలో అయింది. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు పెట్టె మూత తీయించి, ఈ రెండు వేల ఓముల నిరోధం ఇక్కడ ఎందుకుందని అడిగారట. అది తీసేస్తే ఆ చోట 5 వోల్టులు వస్తాయని చెప్పి, తీసి, మల్టీమీటరు పెట్టి చూపించిందట. ఆయన ఇరవై నిమిషాలు అక్కడే కూర్చున్నారని, తర్వాతి విద్యార్థులకు ఆలస్యమైందని చెప్పింది.

జిల్లా గ్రంథాలయ సంస్థల పెద్దలకు నా విన్నపం ఇది. కావలి శాఖా గ్రంథాలయంలో గాని, మరెక్కడైనా గాని, ఆదివారం పది గంటలనుంచి ఒంటిగంట వరకు ఒక బల్ల, ఒక ప్లగ్ పాయింటు ఇవ్వండి. రెండు ఆర్డుయినో బోర్డులు, ఒక ఈఎస్‌పీ32, రెండు హెచ్‌సీ-05 పలకలు, ఆరు సెన్సర్లు, ఒక మల్టీమీటరు, టంకం కడ్డీ, డేటా వచ్చే తీగలు నాలుగు మా ఇంట్లో ఉన్నాయి, అవి నేను తెచ్చి పెడతాను. ఆ అమ్మాయి వస్తానంది, సెల్‌ఫోన్ల కుర్రవాడు దుకాణం పన్నెండింటికి తెరుస్తానని ఒప్పుకున్నాడు. నా చిరునామా మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను, అడిగినవారికి ఇవ్వగలరు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
కావలి, నెల్లూరు జిల్లా